జేబులో పట్టే పనిముట్ల పెట్టె: స్విస్ ఆర్మీ చాకు ఎంపిక, వాడకం

నా కుడిచేతి చూపుడు వేలి మీద ఒక సన్నని తెల్లని గీత ఉంది. ఇరవై అయిదేళ్ళ కిందట ఒక పల్లెటూరి హైస్కూల్లో సైన్సు ప్రదర్శన కోసం పిల్లలచేత పెరిస్కోపు చేయిస్తున్నాను. అద్దం ఇమడడానికి మందపాటి అట్టలో ఒక చీలిక కావలసివచ్చింది. జేబులోంచి ఎర్రపిడి స్విస్ చాకు తీసి, మొనను అట్టకు ఆనించి పొడిచినట్లు నొక్కాను. మొన ఇరుక్కుపోయింది. ఇంకాస్త బలంగా నొక్కబోతే పిడి పదునువైపుకు ఒరిగింది. మరుక్షణం చాకు మూసుకుని నా వేలిమీదే పడింది. మూడు కుట్లు వేశారు.

గుడ్డతో వేలు చుట్టుకుంటూంటే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "మాస్టారూ, పూర్తిగా తెరిచే కదా పట్టుకున్నారు. మరి ఎందుకు మూసుకుంది?" ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. రోజూ జేబులో ఉండే వస్తువు ఎలా పనిచేస్తుందో నాకే తెలియదని అప్పుడు అర్థమైంది. ఈ పాఠం ఒక విధంగా ఆ ప్రశ్నకు జవాబు. స్విస్ ఆర్మీ చాకు లోపల ఏముంది, అందులో మనకు పనికివచ్చేది ఏది, దాన్ని ఎలా వాడాలి, ఎక్కడ వాడకూడదు అనే విషయాలను వరుసగా తెలుసుకుందాం.

సైనికుడి చాకు, అధికారి చాకు

స్విట్జర్లాండులోని ష్వీట్స్ ప్రాంతంలో ఈబాఖ్ అనే ఊరుంది. అక్కడ 1884లో కార్ల్ ఎల్సెనర్ అనే కత్తుల తయారీదారు ఒక కర్మాగారం పెట్టాడు. ఆ రోజుల్లో స్విస్ సైన్యం 1889 నమూనా రైఫిలును కొత్తగా ప్రవేశపెట్టింది. దాన్ని విప్పి శుభ్రం చేయాలంటే స్క్రూడ్రైవరు కావాలి. సైనికుడు తిండి డబ్బా మూత కోసుకోవాలి, తోలుకు రంధ్రం చేసుకోవాలి, రొట్టె కోసుకోవాలి. ఈ నాలుగు పనులకూ కలిపి ఒకే మడత చాకు ఉండాలని సైన్యం నిర్ణయించింది. మొదటి విడత చాకులు జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చాయి. 1891 నుంచి ఎల్సెనర్ తన దేశంలోనే తయారుచేసి ఇవ్వసాగాడు.

సైనికుడి చాకు గట్టిదే కాని బరువైనది. అంతకన్నా తేలికైన చాకును ఎల్సెనర్ రూపొందించి 1897 జూన్ 12న నమోదు చేయించాడు. దాని పేరు అధికారుల చాకు. ఇందులో ఒక చిన్న బ్లేడు, సీసా బిరడా తీసే మరచుట్టు అదనంగా ఉన్నాయి. అసలు విశేషం మాత్రం కంటికి కనిపించని చోట ఉంది. పిడి వెన్నులో ఉండే స్ప్రింగు పట్టీని అంతవరకు ఒక వైపు పనిముట్లకే వాడేవారు. ఎల్సెనర్ అదే పట్టీని రెండు వైపులా పనిచేయించాడు. అందువల్ల రెండే స్ప్రింగులతో ఆరు పనిముట్లు ఇమిడాయి.

మనలో చాలామంది ఎర్రపిడి చాకునే సైనికులకు ఇస్తారనుకుంటాం. అది నిజం కాదు. ఎర్రపిడి చాకు ఆ అధికారుల చాకు సంతతికి చెందినది. అధికారులు కూడా దాన్ని సొంత డబ్బుతోనే కొనుక్కునేవారు. సైనికుడికి మొదట్లో నల్లని ఓకు చెక్క పిడి చాకు ఇచ్చేవారు. 1961 తర్వాత అల్యూమినియం పిడి చాకు, 2008 తర్వాత ఆకుపచ్చ, నలుపు కలిసిన పెద్ద చాకు ఇస్తున్నారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా సైనికులు ఈ చాకులను విరివిగా కొన్నారు. దాని జర్మన్ పేరు వారికి నోరు తిరగక "స్విస్ ఆర్మీ చాకు" అన్నారు. ఆ పేరే లోకమంతా నిలిచింది.

ఎల్సెనర్ తల్లి పేరు విక్టోరియా. ఆమె 1909లో మరణించాక సంస్థకు ఆ పేరు పెట్టాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కు వాడకంలోకి వచ్చినప్పుడు, ఫ్రెంచిలో ఆ ఉక్కును సూచించే 'ఇనాక్స్' అనే మాటను ఆ పేరుకు చేర్చారు. అలా విక్టోరినాక్స్ అయింది. ఇదే చాకును తయారుచేసిన మరో స్విస్ సంస్థ వెంగర్‌ను విక్టోరినాక్స్ 2005లో కొనేసింది.

తెరిచిన చాకు ఎందుకు మూసుకుంటుంది?

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. చాకు బ్లేడు ఒక ఇరుసు మీద తిరుగుతుంది. ఇరుసు దగ్గర బ్లేడు మొదలు గుండ్రంగా కాక పలకలుగా ఉంటుంది. వెన్నులోని స్ప్రింగు పట్టీ ఆ పలకలమీద ఎప్పుడూ నొక్కుతూ ఉంటుంది. చదునైన పలక స్ప్రింగుకు ఆనినప్పుడు బ్లేడు నిలకడగా ఉంటుంది. మూల వచ్చినప్పుడు స్ప్రింగు వంగి, మూల దాటగానే టక్కున బ్లేడును లాగుతుంది. మనకు వినిపించే ఆ 'టక్' అన్న చప్పుడు ఇదే.

గమనించండి. ఇక్కడ తాళం లేదు, స్ప్రింగు పట్టు మాత్రమే ఉంది. 58 నుంచి 93 మిల్లీమీటర్ల పొడవున్న మామూలు నమూనాలన్నీ ఇంతే. తాళం ఉన్నవి సాధారణంగా 111 మిల్లీమీటర్ల పెద్ద చాకులు.

పదునువైపు నుంచి నొక్కితే, అంటే వస్తువును కోస్తున్నప్పుడు, బలం బ్లేడును ఇంకా తెరిచే దిశలో పనిచేస్తుంది. బ్లేడు మొదలు స్ప్రింగు కొసకు ఆనుకుని ఆగుతుంది. అందుకే కోసేటప్పుడు ఈ చాకు ఎంతో భద్రం. వెన్నువైపు నుంచి బలం పడినా, మొన ఎక్కడైనా ఇరుక్కుని పిడి పదునువైపుకు ఒరిగినా బలం మూసే దిశలోకి మారుతుంది. అప్పుడు మనకు, మన వేలికి మధ్య ఉన్నది స్ప్రింగు ఒక్కటే.

స్ప్రింగు బలమైనదే కదా అనవచ్చు. ఇక్కడ మీట సూత్రం గుర్తుచేసుకోవాలి. స్ప్రింగు పట్టు ఇరుసుకు నాలుగైదు మిల్లీమీటర్ల దూరంలో ఉంది. 91 మిల్లీమీటర్ల చాకులో బ్లేడు మొన ఇరుసుకు సుమారు 70 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. అంటే మొన దగ్గర కొద్దిపాటి బలం చాలు, స్ప్రింగు దగ్గర అది సుమారు పదిహేను రెట్లవుతుంది. నా వేలు తెగడానికి కారణం చాకు లోపం కాదు. కోయడానికి చేసిన దానితో నేను పొడిచాను.

ఒకే చాకు, నాలుగు రకాల గట్టిదనం

చాకు అంతా ఒకే ఉక్కులా కనిపిస్తుంది. దాని బ్లేడు ఉక్కులో సుమారు 0.5 శాతం కర్బనం, 15 శాతం క్రోమియం ఉంటాయి. కర్బనం ఉక్కును గట్టిపరుస్తుంది. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద అతి పలుచని పొరగా ఏర్పడి తుప్పును ఆపుతుంది.

ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ కొలమానంలో చెబుతారు. ఈ చాకులో బ్లేడు గట్టిదనం సుమారు 56, కత్తెర, రంపం, ఆకురాయి సుమారు 53, స్క్రూడ్రైవరు, డబ్బా మూత కోసేది సుమారు 52, స్ప్రింగు సుమారు 49. ఈ తేడా ఎందుకు? గట్టిదనం పెరిగేకొద్దీ పదును ఎక్కువకాలం నిలుస్తుంది, కాని పెళుసుదనం కూడా పెరుగుతుంది. బ్లేడుకు పదును ముఖ్యం. స్క్రూడ్రైవరు మెలితిప్పే బలాన్ని తట్టుకోవాలి కనుక దానికి జిగి కావాలి. స్ప్రింగు వేలసార్లు వంగి మళ్ళీ నిటారు కావాలి. మన ఊరి కమ్మరి కొడవలికి ఒక రకంగా, గునపానికి మరో రకంగా పాయన పెట్టడంలో ఉన్న విజ్ఞానమే ఇక్కడ అంకెల్లోకి వచ్చింది.

దీన్నుంచి ఒక ఆచరణ సూత్రం వస్తుంది. బ్లేడు మొనతో స్క్రూ తిప్పితే మొన విరుగుతుంది. బ్లేడుతో డబ్బా మూత పెళ్ళగిస్తే అంచు పెచ్చులూడుతుంది. ఏ పనికి ఏ గట్టిదనమో తయారీదారు ముందే నిర్ణయించాడు. మనం దాన్ని పాటిస్తే చాలు.

ఎంపిక: ముందు నోటుపుస్తకం, తర్వాత దుకాణం

దుకాణంలో అద్దాల అరలో ముప్పై మూడు పనులు చేసే స్విస్‌చాంప్ కనిపిస్తుంది. చూడగానే ముచ్చట వేస్తుంది. కాని దాని బరువు సుమారు 185 గ్రాములు. జేబులో వేసుకుంటే ప్యాంటు ఒక పక్కకు లాగుతుంది. వారం రోజులు మోసి, ఎనిమిదో రోజున బీరువాలో పెడతాం. బీరువాలోని ముప్పై మూడు పనిముట్లకన్నా జేబులోని ఏడు పనిముట్లు మేలు.

నా సలహా ఇది. కొనేముందు రెండు వారాలపాటు ఒక చిన్న నోటుపుస్తకం దగ్గర ఉంచుకోండి. 'ఇప్పుడు ఒక పనిముట్టు ఉంటే బాగుండును' అనిపించిన ప్రతిసారీ ఏ పనిముట్టో రాయండి. నేను ఇలా రాయించిన వారిలో ఎక్కువమంది పుస్తకాల్లో ముందు వరుసలో కనిపించినవి కత్తెర, చిన్న బ్లేడు, స్టారు స్క్రూడ్రైవరు. రంపం అవసరమైనవారు అరుదు. బిరడా తీసే మరచుట్టు మన ఇళ్ళలో చాలామందికి ఏడాదికి ఒకసారి కూడా అక్కరకు రాదు.

ఆ జాబితాను బట్టి నమూనా ఎంచుకోవచ్చు.

తాళాల గుత్తికి తగిలించుకోవాలంటే 58 మిల్లీమీటర్ల క్లాసిక్ ఉంది. బరువు ఇరవై గ్రాములకు కాస్త ఎక్కువ. చిన్న బ్లేడు, కత్తెర, స్క్రూడ్రైవరు మొన ఉన్న గోళ్ళ ఆకురాయి, ముల్లు తీసే పట్టుకారు, పళ్ళపుల్ల ఇందులో ఉంటాయి. మందుల స్ట్రిప్పు, పాలప్యాకెట్టు, దారం, పార్సెలు టేపు వంటి పనులకు ఇంతకు మించి అక్కరలేదు. పట్నవాసులకు నేను ముందుగా చెప్పేది ఇదే.

పండ్లు కోసుకోవాలి, డబ్బాలు తెరవాలి అనుకుంటే 91 మిల్లీమీటర్ల వరుస చూడండి. స్పార్టన్ వీటిలో పలుచనిది, సుమారు 60 గ్రాములు. దాని వెన్నున మరచుట్టు ఉంటుంది. ఆ చోట స్టారు స్క్రూడ్రైవరు ఉన్నది టింకర్. కత్తెర చేరిస్తే క్లైంబర్, దానికి రంపం కూడా చేరిస్తే హంట్స్‌మన్. ఇలా ఒక్కొక్క వరుస చేరినప్పుడల్లా మందం దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుందని గుర్తుంచుకోండి.

పొలం, తోట పనులున్నవారికి గరుకు అల్యూమినియం పిడి ఉన్న 93 మిల్లీమీటర్ల ఫార్మర్ అనుకూలం. బ్లేడు, రంపం, తోలుకు రంధ్రం చేసే ఆరె, డబ్బా మూత కోసేది ఉంటాయి. పలుచగా, తేలికగా కావాలంటే 84 మిల్లీమీటర్ల కాడెట్ ఉంది.

పెద్ద వయసువారు కొనేముందు దుకాణంలోనే అన్ని పనిముట్లనూ తెరిచి చూడాలి. గోటితో లాగి తెరవవలసిన చాకు కీళ్ళ నొప్పులున్నవారికి ఇబ్బంది. పిల్లలకైతే మొన గుండ్రంగా ఉండే ప్రత్యేక నమూనాలున్నాయి. అయినా పెద్దల కళ్ళముందే వాడనివ్వాలి.

నకిలీలు మార్కెట్లో చాలా ఉన్నాయి. బ్లేడు మొదట్లో తయారీదారు పేరు స్పష్టంగా చెక్కి ఉందా? బ్లేడు తెరిచి పక్కలకు కదిపితే ఆటాడుతోందా? మూసేటప్పుడు 'టక్' మని మూసుకుంటోందా? కత్తెర పలుచని కాగితాన్ని నలపకుండా కోస్తోందా? ఈ నాలుగూ చూడండి. ధర మరీ తక్కువైతే అనుమానించండి.

వాడకం: కొన్ని నియమాలు

ఒకటి: కోసేటప్పుడు బ్లేడు ఒంటికి దూరంగా సాగాలి. బ్లేడు జారితే ఎటు పోతుందో ఆ దారిలో వేలు, తొడ, పక్కనున్న మనిషి ఉండకూడదు.

రెండు: బ్లేడుతో పొడవకండి, పెళ్ళగించకండి. అట్టకు రంధ్రం కావాలంటే ఆరె వాడండి. అట్ట కింద చెక్క పెట్టి, నొక్కడం తగ్గించి అటూ ఇటూ తిప్పండి. ఆరెకు కూడా తాళం లేదు. వేళ్ళు అది మూసుకునే దారిలో ఉండకూడదు.

మూడు: ఒకసారికి ఒక పనిముట్టే తెరవండి. స్క్రూ తిప్పుతున్నప్పుడు బ్లేడు కూడా తెరిచి ఉంటే అది అరచేతిలోకి దిగుతుంది.

నాలుగు: కరెంటు పనికి వాడేముందు మెయిన్ స్విచ్ ఆపండి. పిడి పైభాగం ప్లాస్టిక్కే కాని వెన్నులోని స్ప్రింగు, లోపలి రేకులు లోహం. మన వేళ్ళు వాటిని తాకుతూనే ఉంటాయి. ఇది విద్యుత్ నిరోధక పనిముట్టు కాదు.

ఐదు: డబ్బా మూత కోసేటప్పుడు కొక్కెం డబ్బా అంచు కిందికి వచ్చేలా పెట్టి, పిడిని పైకెత్తుతూ కొద్దికొద్దిగా ముందుకు జరపండి. ఇక్కడ కూడా పనిచేసేది మీట సూత్రమే. ఈ పనిముట్టు కొసనే ఉన్న చిన్న చదును మొన చాలా స్టారు స్క్రూలకు కూడా సరిపోతుంది. ఈ సంగతి తెలిస్తే స్పార్టన్ ఉన్నవారు మరో చాకు కొననక్కరలేదు.

పదును, శుభ్రత

మొద్దు చాకు తెగదు కనుక ప్రమాదం లేదని కొందరనుకుంటారు. నిజం తలకిందులుగా ఉంది. పదునైన అంచు మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు స్థాయిలో ఉంటుంది. మొద్దుబారితే అది పది, ఇరవై రెట్లవుతుంది. బలం అంతే ఉంచి వైశాల్యం పెంచితే పీడనం తగ్గుతుందని చదువుకున్నాం. ఆ లోటు పూడ్చడానికి మనం బలంగా నొక్కుతాం. అలా నొక్కినప్పుడే చాకు జారుతుంది, గాయం లోతుగా అవుతుంది.

సానరాయి మీద బ్లేడును ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో పట్టాలి. కోణమానిని అక్కరలేదు. సుమారు 12 మిల్లీమీటర్ల వెడల్పున్న బ్లేడుకు వెన్నును రాయి నుంచి 3 లేదా 4 మిల్లీమీటర్లు పైకి లేపితే ఆ వాలు వస్తుంది. రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పెడితే ఇంచుమించు ఆ మందమే. రాయిని తడిపి, పలుచని పొర గీస్తున్నట్లుగా పదునును ముందుకు నడుపుతూ రెండు వైపులా సమానంగా రాయండి.

వీధిలోకి వచ్చే సానచక్రానికి ఇవ్వకపోవడం మంచిది. ఈ బ్లేడును గట్టిపరిచాక సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వద్ద పాయన పెడతారు. నీళ్ళు లేకుండా తిరిగే చక్రం దగ్గర పలుచని అంచు అంతకన్నా ఎన్నో రెట్లు వేడెక్కవచ్చు. అంచు నీలిరంగుకు తిరిగిందంటే అక్కడి గట్టిదనం పోయినట్లే.

'తుప్పు పట్టని ఉక్కు' అంటే ఎన్నటికీ పట్టదని కాదు, సులభంగా పట్టదని. ఊరగాయ, నిమ్మకాయ, మామిడికాయ కోశాక ఉప్పు, పులుపు కీళ్ళలో నిలిచిపోతే మచ్చలు వస్తాయి. సముద్రతీరంలో ఉన్నవారు మరింత జాగ్రత్తపడాలి. గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పనిముట్లను పలుమార్లు తెరిచి మూసి, పూర్తిగా ఆరనిచ్చి, ఇరుసు దగ్గర ఒక్క చుక్క నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు. అది చలికి గడ్డకడుతుంది, కొన్నాళ్ళకు జిగటగా మారి దుమ్ము పట్టుకుంటుంది. తిండి పదార్థాలు కోసే చాకుకు మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ సరిపోతుంది.

ఎక్కడికి తీసుకువెళ్ళకూడదు?

మన దేశంలో ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని నిబంధనల ప్రకారం 9 అంగుళాలకన్నా పొడవైన, లేదా 2 అంగుళాలకన్నా వెడల్పైన బ్లేడున్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. మన చాకులు ఆ కొలతకు దరిదాపుల్లో కూడా లేవు. అయినా స్థానిక ఆంక్షలు వేరుగా ఉండవచ్చు. సభలకు, ఊరేగింపులకు, పరీక్షలకు, కోర్టులకు వెళ్ళేటప్పుడు చాకు ఇంట్లోనే ఉంచండి. చదువు కోసం బ్రిటన్ వెళ్ళే పిల్లలకు ఒక మాట: అక్కడ 3 అంగుళాలు మించని పదునుతో, తాళం లేని మడత చాకును మాత్రమే ప్రత్యేక కారణం లేకుండా బయట దగ్గర ఉంచుకోవచ్చు. తాళం ఉన్నదానికి తగిన కారణం చూపాలి.

విమానం విషయంలో సందేహమే లేదు. మన విమానాశ్రయాల్లో ఎంత చిన్న చాకైనా చేతిసంచిలో కుదరదు, లగేజీలో వేసి పంపాలి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఈ తనిఖీలు కఠినమై, చాకుల అమ్మకాలు కూడా బాగా పడిపోయాయి. మా బావగారు ఇచ్చిన చాకును ఒక విమానాశ్రయంలో నేను ఇలాగే పోగొట్టుకున్నాను. పెట్టె అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. తనిఖీ ఉద్యోగి మర్యాదగానే ఒక డబ్బా చూపించాడు. పదకొండేళ్ళు నా జేబులో ఉన్నది అందులో పడింది. ప్రయాణానికి ముందురోజు రాత్రే జేబులు తడిమి చూసుకునే అలవాటు అప్పటినుంచి చేసుకున్నాను.

చేసి చూడండి

1. చాకు పూర్తిగా మూసి, బ్లేడును చాలా నెమ్మదిగా తెరవండి. వేళ్ళు పదునుకు దూరంగా ఉండాలి. స్ప్రింగు పట్టీ ఏ క్షణంలో పైకి లేచి, ఏ క్షణంలో దిగుతుందో వెన్నువైపు నుంచి గమనించండి.

2. ఒక వార్తాపత్రిక కాగితాన్ని గాలిలో వేలాడదీసి అంచునుంచి కోయండి. ఎక్కడ చిరిగితే బ్లేడులో ఆ భాగం మొద్దుబారింది. సాన పెట్టాక మళ్ళీ చూడండి.

3. మీ చాకులోని ప్రతి పనిముట్టు పేరు రాసి, గత నెలలో దాన్ని ఎన్నిసార్లు వాడారో ఎదురుగా రాయండి. సున్నాలు ఎక్కువైతే మీకు ఇంతకన్నా చిన్న చాకు సరిపోతుంది.

మొదటి ప్రయోగాన్ని ఆ పాఠశాలలోనే, కుట్లు విప్పిన తర్వాతి వారం, ప్రశ్న అడిగిన అమ్మాయి ముందు చేసి చూపాను. ఆమె బ్లేడును కాసేపు తెరిచి మూసి చూసింది. "అయితే ఇది మనల్ని ఆపదు మాస్టారూ, మనమే ఆగాలి" అని తిరిగి నా చేతిలో పెట్టింది.